సొంత బుర్రతో సాఫ్ట్‌వేర్ షేర్లు

2009 జనవరి 6న సత్యం కంప్యూటర్స్ షేరు సుమారు 179 రూపాయల దగ్గర ముగిసింది. మర్నాడు సాయంత్రానికి 40 రూపాయలకు అటూ ఇటూగా ఉంది. అప్పట్లో షేర్లున్న ఏ తెలుగు ఇంట్లో అడిగినా ఆ 40 గురించే చెప్తారు. నాకు మాత్రం 179 ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. ఎందుకంటే మూడు వారాల కిందట, డిసెంబరు 17న, అదే షేరు సుమారు 158 దగ్గరుంది. ఆ తర్వాత ఇంకా దిగింది. మళ్ళీ ఎక్కింది. అంటే కంపెనీలో ఏదో తేడా ఉందని లోకానికంతా తెలిశాక కూడా జనం పోటీపడి కొన్నారన్నమాట.

ఆ మూడు వారాల్లో ఏం జరిగిందో వరసగా చూద్దాం. డిసెంబరు 16న సత్యం బోర్డు కూర్చుని మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అనే రెండు కంపెనీలను 160 కోట్ల డాలర్లకు తీసుకోవాలని తీర్మానించింది. మొదటిదాన్ని మొత్తంగా, రెండోదాంట్లో 51 శాతం. ఒకటి రియల్ ఎస్టేటు, ఇంకొకటి నిర్మాణాల కంపెనీ. రెంటినీ నడిపేది ఛైర్మన్ రామలింగరాజు గారి కుమారులే. మదుపరులు మండిపడ్డారు. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడింది. కొన్ని గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. వారం తిరిగేసరికి ప్రపంచ బ్యాంకు సత్యంను ఎనిమిదేళ్ళపాటు నిషేధించిన సంగతి బయటికొచ్చింది. నెలాఖరుకు నలుగురు డైరెక్టర్లు తప్పుకున్నారు. ప్రమోటర్ల షేర్లు తాకట్టులో ఉన్నాయని, అప్పిచ్చినవాళ్ళు వాటిని అమ్మేసుకుంటున్నారని కూడా తెలిసింది. ఇందులో ఏదీ రహస్యం కాదు, అన్నీ పేపర్లో వచ్చినవే.

మరి ఎందుకు కొన్నారు? కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొంటుందన్నారు. ఎవరో పెద్ద కంపెనీ వచ్చి కలిపేసుకుంటుందన్నారు. అన్నిటికంటే బలంగా పనిచేసింది ఇంకొక మాట: "అంత పెద్దవాళ్ళున్నారు, వాళ్ళకు తెలియదా?"

నిజంగానే పెద్దవాళ్ళున్నారు. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరు, పెంటియం చిప్‌కు ఆద్యుడిగా పేరున్న ఇంజనీరు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీను, కేంద్ర ప్రభుత్వ మాజీ క్యాబినెట్ కార్యదర్శి ఉన్నారు. లెక్కలపై సంతకం ప్రైస్ వాటర్‌హౌస్‌ది. ఆ సెప్టెంబరులోనే కంపెనీ నిర్వహణ బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. ఇంతమంది ఒకవైపు నిలబడితే తెనాలిలోనో వరంగల్లులోనో వంద షేర్లు పెట్టుకుని కూర్చున్న మనిషి తన అనుమానాన్ని తానే మింగేస్తాడు.

నేను ఉద్యోగం చేసింది బ్యాంకులో, అందులోనూ ఎక్కువకాలం అప్పులిచ్చే విభాగంలో. మా దగ్గరికి వచ్చే వ్యాపారి ఎంత పేరున్నవాడైనా మేము అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఈ డబ్బు దేనికి? మిల్లు పేరు మీద అప్పు తీసుకుని కొడుకు పేరు మీద పొలం కొంటానంటే ఆ ఫైలు ముందుకు కదలదు. సత్యం విషయంలో వెయ్యాల్సిన ప్రశ్న కూడా అదే. సాఫ్ట్‌వేర్ కంపెనీ. బ్యాంకుల్లో ఐదు వేల కోట్లకు పైగా నగదు ఉందని చెప్పుకుంటోంది. ఆ డబ్బు వాటాదారులకు డివిడెండుగా ఇవ్వొచ్చు, ఇంకో సాఫ్ట్‌వేర్ కంపెనీని కొనొచ్చు. ఛైర్మన్ కొడుకుల భూముల కంపెనీ ఎందుకు? ఈ ప్రశ్న అడగడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. డిసెంబరు 16 రాత్రి ఈ ప్రశ్న అడిగి, సరైన జవాబు దొరకలేదని మర్నాడే నష్టానికైనా అమ్మేసినవాళ్ళు బయటపడ్డారు.

జనవరి 7న రాజు గారు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో అసలు లెక్క ఉంది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనే లేవు. సెప్టెంబరు త్రైమాసికంలో 24 శాతం నిర్వహణ లాభం వచ్చినట్టు చూపించారు, నిజంగా వచ్చింది 3 శాతం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మేటాస్ వ్యవహారం రాకముందు, ఇంట్లో కూర్చున్న మనిషి ఆ ఐదు వేల కోట్లు అబద్ధమని కనిపెట్టగలిగేవాడా? లేదు. బ్యాంకులో ఎంత ఉందో నిర్ధారించుకోవాల్సింది ఆడిటరు. ఆ పని ఎలా జరుగుతుందో బ్యాంకువాళ్ళకు బాగా తెలుసు. ఫలానా తేదీకి ఫలానా ఖాతాలో ఎంత ఉందో చెప్పమని ఆడిటరు బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాయాలి. బ్యాంకు జవాబు కూడా నేరుగా ఆడిటరుకే వెళ్ళాలి. మధ్యలో కంపెనీ మనిషి చెయ్యి పడకూడదు. సత్యం ఆడిట్‌లో ఆ ఉత్తరాలు పంపించే పనీ జవాబులు తెచ్చే పనీ కంపెనీకే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థలు 2011లో తేల్చాయి. అంత చిన్న పని, బ్యాంకులో గుమస్తా కూడా తప్పులేకుండా చేసే పని, అక్కడ జరగలేదు. దాని ఫలితం లక్షల మంది అనుభవించారు.

కాబట్టి మన తీర్పును నమ్ముకోవాలంటే ముందు దాని హద్దు తెలియాలి. నకిలీ బ్యాంకు కాగితాన్ని మనం పట్టుకోలేం. కానీ ప్రమోటర్ల వాటా ఎంతుందో చూడగలం. సత్యంలో 2001లో నాలుగో వంతుకు పైగా ఉన్న ప్రమోటర్ల వాటా 2008 మార్చికి 9 శాతం లోపుకు వచ్చింది. ఏడేళ్ళపాటు, ప్రతి మూడు నెలలకూ, స్టాక్ ఎక్స్ఛేంజికి ఇచ్చే పట్టికలో ఆ అంకె కరుగుతూనే వచ్చింది. కంపెనీ బంగారం అని చెప్పే మనిషి తన చేతిలో ఉన్నది ఎందుకు వదులుకుంటున్నాడని అడగడానికి ఏడేళ్ళ టైము దొరికింది.

మనవాళ్ళు శివార్లలో రెండొందల గజాల ప్లాటు కొనాలంటే ఎంత చేస్తారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం, తీయిస్తారు. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తారు. పక్క ప్లాటు యజమానిని పలకరిస్తారు. వాన పడ్డాక వెళ్ళి నీళ్ళు నిలుస్తున్నాయేమో చూస్తారు. అదే మనిషి అంత డబ్బూ ఒక షేరులో పెట్టేటప్పుడు వాట్సాప్‌లో వచ్చిన రెండు లైన్లు చాలనుకుంటాడు. తెలివి లేక కాదు. షేరుకు కూడా ఈసీ లాంటి కాగితాలుంటాయని, అవి ఉచితంగా దొరుకుతాయని ఎవరూ చెప్పకపోవడం వల్ల.

అవి ఉన్నాయి. నమోదైన కంపెనీ సాధారణంగా మూడు నెలలకోసారి తన లెక్కలు, తన వాటాదారుల పట్టిక స్టాక్ ఎక్స్ఛేంజికి ఇవ్వాలి. ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెడితే అదీ చెప్పాలి. ఏడాదికోసారి వార్షిక నివేదిక. మూడొందల పేజీలు ఉందని బెదిరిపోవద్దు. ముందున్న రంగుల బొమ్మలూ ఛైర్మన్ గారి సందేశమూ వదిలేసి వెనక్కి వెళ్ళండి. నేను మొదట తెరిచేది నగదు ప్రవాహాల పట్టిక, క్యాష్ ఫ్లో అంటారే అది. లాభం అనేది అకౌంటెంటు తేల్చే అంకె, నగదు అనేది బ్యాంకులో పడిన అంకె. ఈ రెండూ ఒక ఏడాది వేరుగా ఉండొచ్చు. నాలుగైదేళ్ళు వరసగా లాభం పెరుగుతూ, వ్యాపారం నుంచి వచ్చే నగదు మాత్రం అక్కడే ఉండిపోతే ఆగి ఆలోచించాలి.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఆ తేడా ఎక్కువగా దాక్కునే చోటు బకాయిలు. ఒక లెక్క వేసి చూపిస్తాను, అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఒక కంపెనీ ఏడాదికి 1,000 కోట్ల బిల్లులు వేసింది, ఏడాది చివర్లో ఖాతాదారుల నుంచి రావాల్సింది 200 కోట్లు ఉంది. 200ను 1,000తో భాగించి 365తో గుణిస్తే 73. అంటే బిల్లు వేశాక డబ్బు చేతికి రావడానికి సగటున 73 రోజులు పడుతోంది. మరుసటి ఏడాది అమ్మకాలు 1,200 కోట్లు అయ్యాయి, పత్రికల్లో "20 శాతం వృద్ధి" అని శీర్షిక వచ్చింది. కానీ బకాయిలు 330 కోట్లకు చేరాయి. ఇప్పుడు అదే లెక్క వేస్తే 100 రోజులు. అమ్మకం ఐదో వంతు పెరిగితే బకాయి అరవై ఐదు శాతం పెరిగింది. కొత్త ఖాతాదారులు డబ్బు కట్టలేనివాళ్ళా? ఏడాది లెక్కలు బాగా కనిపించాలని మార్చి నెలాఖరులో తొందరపడి బిల్లులు వేశారా? జవాబు మంచిదే కావచ్చు. కానీ అడగాల్సిన ప్రశ్న మీ చేతికి వచ్చింది. దానికి ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటరు సరిపోయింది.

ఆ తర్వాత చూసేది సంబంధిత పక్షాల లావాదేవీల నోటు. ప్రమోటర్ల కుటుంబానికి చెందిన ఇతర కంపెనీలతో ఈ కంపెనీ ఏమేం ఇచ్చిపుచ్చుకుందో అక్కడ ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఓపిగ్గా చదవాలి. ఛైర్మన్ బంధువు భవనానికి అద్దె, తమ్ముడి సంస్థకు అప్పు, ఇలాంటివి ఏటా పెరుగుతున్నాయంటే నాకు ఆ కంపెనీ వద్దు. షేరు ఎంత ఎక్కినా వద్దు.

ఒక నిజం దాచకూడదు. నగదు ప్రవాహాల పరీక్ష పెడితే సత్యం పాసైపోయేది. అక్కడ బ్యాంకు నిల్వనే అబద్ధం చేశారు కాబట్టి లాభానికీ నగదుకూ పొంతన బాగానే కుదిరింది. దాన్ని పట్టించింది వాటాదారుల పట్టిక, ఆ పైన మేటాస్ ప్రతిపాదన. ఒక్కో పరీక్ష ఒక్కో రకం అబద్ధాన్ని పట్టుకుంటుంది, అన్నిటినీ పట్టే పరీక్ష లేదు. అందుకే ఏ ఒక్క కంపెనీలోనైనా, ఎంత చదివి కొన్నా సరే, పోతే ఇల్లు కుంగిపోయేంత డబ్బు పెట్టకూడదంటాను. అది పిరికితనం కాదు, మన చూపు ఎంతవరకు ఆనుతుందో తెలుసుకుని నడవడం.

సత్యం తర్వాత చట్టం మారింది, అది మంచి మాట. 2013 కంపెనీల చట్టం వచ్చాక ఒకే ఆడిట్ సంస్థ పదేళ్ళకు మించి వరసగా కూర్చోవడానికి లేదు. ప్రమోటర్ల కంపెనీలతో పెద్ద లావాదేవీ చేయాలంటే వాటాదారుల ఓటు కావాలి, ఆ ఓటింగులో ఆ సంబంధమున్నవాళ్ళు పాల్గొనకూడదు. 2008లో మేటాస్ కొనుగోలును బోర్డే తీర్మానించేసింది. ఇవాళ అలాంటిది రావాలంటే మీ ఫోన్‌కు ఈ-ఓటింగ్ లింకు వస్తుంది. ఆ లింకు వచ్చినప్పుడు చెరిపేసేవాళ్ళే ఎక్కువ. పది షేర్లున్నా సరే, దయచేసి ఓటు వేయండి.

ఇన్ఫోసిస్ కథ ఈపాటికి మీకు గుర్తొచ్చే ఉంటుంది. 1993 ఫిబ్రవరిలో 95 రూపాయలకు షేరు ఇస్తామంటే ఇష్యూ పూర్తిగా అమ్ముడుపోలేదు, మిగిలిన దాంట్లో పెద్ద భాగం మోర్గాన్ స్టాన్లీ తీసుకుంది. అప్పుడు 9,500 రూపాయలు పెట్టి 100 షేర్లు కొని, అమ్మకుండా ఉంచుకున్నవాళ్ళకు బోనస్‌లూ విభజనా కలిసి 2018 నాటికి 1,02,400 షేర్లయ్యాయి. ఇది నిజమే. చెప్పేవాళ్ళు చెప్పనిది ఆ దారిలో ఏమేం తగిలిందో. 2000లో శిఖరాన ఉన్న షేరు ఆ తర్వాత ఏడాదిన్నరలో ఘోరంగా పడింది. 2003 ఏప్రిల్ 10న, వచ్చే ఏడాది లాభాల మీద కంపెనీ తక్కువ అంచనా ఇచ్చిందని, ఒక్కరోజులో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఆ సాయంత్రం టీవీల్లో సాఫ్ట్‌వేర్ శకం అయిపోయిందన్నవాళ్ళున్నారు. వాళ్ళ మాట విన్నవాళ్ళు అమ్మేశారు. లెక్కలు చదివినవాళ్ళకు కనిపించింది వేరు: అప్పు లేదు, నగదు వస్తోంది, కొత్త ఖాతాదారులు చేరుతున్నారు, అమెరికా అకౌంటింగ్ పద్ధతిలో కూడా లెక్కలు ప్రచురించే అలవాటు 1990ల నుంచీ ఉంది. తగ్గింది లాభాల వేగమే, కంపెనీ నిలబడిన పునాది కాదు. సత్యం షేరు పడినప్పుడు అమ్మడం ఎంత సరైనదో, ఇన్ఫోసిస్ పడినప్పుడు ఆగడం అంత సరైనది. రెండుచోట్లా ధర చెప్పింది ఒకటే మాట. తేడా తెలిసేది కాగితాల్లో.

అదే కాలపు ఇంకొన్ని పేర్లు కూడా చెప్పుకోవాలి: పెంటామీడియా గ్రాఫిక్స్, డీఎస్‌క్యూ సాఫ్ట్‌వేర్, సిల్వర్‌లైన్ టెక్నాలజీస్. 1999–2000లో ఇవి ఇన్ఫోసిస్‌తో సమానంగా నోళ్ళలో నానేవి. కేతన్ పరేఖ్ అనే బ్రోకరు వెనకుండి నడిపిన షేర్లలో ఇవీ ఉన్నాయి. మన సికింద్రాబాద్ నుంచి నడిచిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు పేరూ ఆ వ్యవహారంలో చిక్కుకుంది. 2004లో ఆ బ్యాంకును ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేయాల్సి వచ్చింది. పేరు చివర "ఇన్ఫోటెక్", "సాఫ్ట్‌వేర్" అని తగిలించుకుంటే చాలు షేరు ఎగిరిన రోజులవి. నలుగురితో నారాయణ అని వెళ్ళినవాళ్ళ డబ్బు వాటిలోనే ఇంకిపోయింది. 1,02,400 షేర్ల లెక్క చెప్పే ప్రతిసారీ ఈ పేర్లు కూడా చెప్పాలని నా అభిప్రాయం.

తెలుగువాళ్ళకు ఈ రంగంలో ఒక ప్రత్యేకత ఉంది. ప్రతి ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నాడు. వాళ్ళకు లోపలి సంగతులు తెలుసు కాబట్టి వాళ్ళు చెప్పింది వేదం అనుకుంటాం. మా అక్క కొడుకు డాలస్‌లో పెద్ద టెక్నాలజీ కంపెనీలో పనిచేస్తాడు. జీతంలో కొంత కంపెనీ షేర్లుగానే వస్తుంది. పోయినసారి ఫోన్ చేసినప్పుడు, "పిన్నీ, మా కంపెనీ షేరు ఒక్కటీ అమ్మలేదు. బయటివాళ్ళకంటే మాకే కదా బాగా తెలిసేది" అన్నాడు.

"నీకు తెలిసింది నీ టీము గురించి కదరా. మీ కంపెనీలో ఇంకెన్ని టీములున్నాయి?" అని అడిగాను.

"అవి వేరే బిజినెస్ యూనిట్లు పిన్నీ. వాటి సంగతి మాకు రాదు."

"మరి ఉద్యోగం పోతే వీసా గడువు ఎన్నాళ్ళు?"

"అరవై రోజులు."

వాడు కాసేపు మాట్లాడలేదు. జీతం, వీసా, ఇంటి అప్పు, దాచుకున్న డబ్బు అన్నీ ఒకే కంపెనీ మీద ఆనుకుని ఉన్నాయని వాడికి నేను విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. సత్యం పడినరోజు అందులో సుమారు యాభై వేల మంది ఉద్యోగులున్నారు. ఉద్యోగులకిచ్చే స్టాక్ ఆప్షన్ల కింద షేర్లు తీసుకుని దాచుకున్నవాళ్ళకు జీతం మీద భయమూ, దాచుకున్నదాంట్లో నష్టమూ ఒకే ఉదయం వచ్చాయి. లోపల ఉన్నవాళ్ళలో దాదాపు ఎవరికీ ఆ 5,040 కోట్ల సంగతి తెలియలేదు, తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఇంకో సంగతి కూడా వాడికి చెప్పాను. లోపలివాళ్ళకు మాత్రమే తెలిసి, బయట ప్రకటించని కబురు మీద షేర్లు కొనడం అమ్మడం అమెరికాలోనూ ఇక్కడా నేరమే. కాబట్టి ఉద్యోగికి దక్కే అసలైన లాభం కబురు కాదు, రంగం అర్థం కావడం. ప్రాజెక్టు లేకుండా బెంచి మీద కూర్చున్న జనం పెరుగుతున్నారా, ఖాతాదారులు రేట్లు తగ్గించమంటున్నారా, ఈ మాటలకు అర్థమేమిటో వాడికి నాకంటే బాగా తెలుసు. ఆ తెలివితో వేరే కంపెనీల నివేదికలు చదివితే వాడంత మంచి మదుపరి ఉండడు.

ఒక యాప్ వాడడం వేరు, దాని షేరు మీద తీర్పు వేరు అనడానికి 2021 నుంచి రెండు ఉదాహరణలు చెప్తాను. ఆ జులైలో జొమాటో షేరు 76 రూపాయలకు ఇచ్చారు. నవంబరులో పేటీఎం 2,150కి ఇచ్చారు. అప్పటికి దేశంలోనే పెద్ద ఇష్యూ, 18,300 కోట్లు. రెండు యాప్‌లూ అందరి ఫోన్లలో ఉన్నవే. పేటీఎం మొదటిరోజే నాలుగో వంతుకు పైగా పడి 1,564 దగ్గర ముగిసింది. జొమాటో మొదటిరోజు ఎగిరి, మరుసటి ఏడాదికి 40 దాకా దిగి, 2024 చివర్లో 300 తాకింది. యాప్ బాగుందని కొన్నవాళ్ళకు ఈ రెంటి మధ్య తేడా చెప్పే ఆధారం ఏముంది? ఏమీ లేదు. డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఒక్కో ఆర్డరు మీద మిగులుతోందా పోతోందా అన్నది ప్రతి త్రైమాసికమూ గమనించినవాళ్ళే 40 దగ్గర భయపడకుండా ఉండగలిగారు.

ఇప్పుడు అందరూ కృత్రిమ మేధ గురించి అడుగుతున్నారు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే 12,000 మందికి పైగా తగ్గిస్తామని చెప్పాక ఈ ప్రశ్న ఇంకా పెరిగింది. మన ఐటీ కంపెనీల వ్యాపారం ఇన్నాళ్ళూ మనుషుల సంఖ్యతో కలిసి పెరిగింది. ఇకముందు అలా ఉండకపోవచ్చు. నేను ఇప్పుడు చూసేది ఒక్కో ఉద్యోగికి వస్తున్న ఆదాయం పెరుగుతోందా అని. జనం తగ్గి ఆదాయం నిలబడితే ఒక కథ, రెండూ కలిసి తగ్గితే ఇంకో కథ. అమెరికాలో చిప్‌ల కంపెనీల షేర్లు ఈ ఊపులో కొనేవాళ్ళకు మాత్రం ఇంటర్నెట్ పరికరాలు చేసే సిస్కో సంగతి చెప్తాను. 2000 మార్చిలో అది కొద్దిరోజులు ప్రపంచంలోనే అత్యంత విలువైన కంపెనీ. ఇంటర్నెట్ లోకాన్ని మార్చేస్తుందని నమ్మి కొన్నారు. ఆ నమ్మకం నూటికి నూరుపాళ్ళు నిజమైంది. కంపెనీ కూడా నిలబడింది, 2024 నాటికి అమ్మకాలు దాదాపు మూడు రెట్లయ్యాయి. అయినా ఆనాటి షేరు ధర తిరిగి రావడానికి పాతికేళ్ళు పట్టింది, ఎందుకంటే రాబోయే అన్నేళ్ళ లాభాన్నీ ముందే ధరలో కట్టేశారు. టెక్నాలజీ గురించి మీ అంచనా ఒప్పు కావచ్చు. కొన్న ధర కూడా ఒప్పు కావాలి.

ఫోన్‌లో వచ్చే టిప్పుల గురించి ఎక్కువ చెప్పను. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, వాళ్ళందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్లు దాటింది. సలహా ఇచ్చేవాడికి సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగండి. చూపించకపోతే ఆ గ్రూపులోంచి బయటికి రండి.

షేరు కొనేముందు నేను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఈ కంపెనీకి డబ్బు ఎవరు, ఎందుకు ఇస్తున్నారు. నాలుగేళ్ళుగా లాభమెంత, నగదెంత. ప్రమోటర్ల వాటా, తాకట్టు. ఆఖరున, ఏం జరిగితే అమ్మేస్తాను. ఈ ఆఖరిది కొనకముందే రాయాలి. కొన్న తర్వాత మనసు ఆ షేరు పక్షం చేరిపోతుంది, ప్రతి చెడ్డ కబురుకూ ఒక సాకు వెతుకుతుంది. "ప్రమోటరు వాటా రెండు త్రైమాసికాలు వరసగా తగ్గితే", "బకాయిలు 100 రోజులు దాటితే" అని ముందే రాసి ఉంటే, ఆరోజు వచ్చినప్పుడు ఇంకెవరినీ అడగక్కర్లేదు. "ధర పడితే అమ్ముతా" అని మాత్రం ఎప్పుడూ రాయను. ధర కారణం కాదు.

ఈ పని ఇష్టం లేనివాళ్ళు, టైము లేనివాళ్ళు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా పెట్టుకోండి. నాకు ఇది చేతకాదు, చేసే తీరిక లేదు అని తెలుసుకుని పక్కకు జరగడం కూడా మంచి తీర్పే. మధ్యలో ఉండడమే నష్టం: చదవకుండా కొనడం, ఎవరో చెప్పారని అమ్మడం.

2020 మార్చిలో దేశంలో సుమారు 4 కోట్ల డీమ్యాట్ ఖాతాలుండేవి. 2025లో 20 కోట్లు దాటాయి. ఇంతమంది కొత్తవాళ్ళలో ఎక్కువమంది ఇంకా ఒక పెద్ద పతనం చూడలేదు. మీలో ఎవరి దగ్గరైనా సాఫ్ట్‌వేర్ షేరు ఉంటే, ఈ ఆదివారం ఆ కంపెనీ వెబ్‌సైటు నుంచి తాజా వార్షిక నివేదిక దించుకోండి. షేరు ధర చూడకండి. నగదు ప్రవాహాల పట్టిక, సంబంధిత పక్షాల నోటు, ప్రమోటర్ల వాటా చూడండి, అర్థం కానివి రాసుకోండి. కంపెనీ వార్షిక సమావేశం వీడియోలో జరిగితే, ముందుగా పేరు నమోదు చేసుకుని ఆ ప్రశ్నలు ఛైర్మన్‌నే అడగొచ్చు. ఒక్క షేరు ఉన్నా మీకు ఆ హక్కుంది.